వార్ రోబోట్స్: రావణుడు అడగని వరం, ఆటగాళ్లు వదలని లెక్కలు

వార్ రోబోట్స్ అనే మొబైల్ ఆట ఆడేవారికి యుద్ధరంగంలో గడిచే సమయమెంతో, రోబోలను సిద్ధం చేసుకునే హ్యాంగర్‌లో గడిచే సమయం కూడా ఇంచుమించు అంతే. హ్యాంగర్‌లో ఐదు స్లాట్లు ఉంటాయి, వాటిలో ఐదు రోబోలు నిలబడతాయి. ఒక్కో రోబోకు తేలికవి, మధ్యరకంవి, భారీవి అని మూడు తరగతుల్లో ఆయుధాలు బిగించే చోట్లు ఉంటాయి. ఏ రోబోకు ఏ ఆయుధం తగిలించాలో, ఏ రోబోను ముందు దించి దేన్ని చివరి దాకా దాచుకోవాలో ఆలోచిస్తూ కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది. ఆ తరువాత జరిగే యుద్ధం పది నిమిషాలకు మించదు. ఆరుగురికి ఎదురుగా ఆరుగురు దిగుతారు, మైదానంలో బీకన్లు అనే ఐదు స్థావరాలు ఉంటాయి, వాటిని ఎక్కువసేపు తమ అధీనంలో ఉంచుకున్న జట్టు గెలుస్తుంది. పిక్సోనిక్ అనే సంస్థ 2014లో ‘వాకింగ్ వార్ రోబోట్స్’ పేరుతో ఐఫోన్ల కోసం విడుదల చేసిన ఈ ఆటను నేను చాలాకాలంగా, మధ్యమధ్య మానేస్తూ మళ్లీ మొదలుపెడుతూ ఆడుతున్నాను. ఈ సమీక్షలో బొమ్మల నాణ్యత గురించి, శబ్దాల గురించి పెద్దగా చెప్పను, అవి బాగున్నాయి. చెప్పవలసింది బలం మితిమీరిన పరికరాల గురించి, వాటి చుట్టూ ఆటగాళ్లు అల్లుకున్న ఊహల గురించి.

ముందుగా ఈ ఆట అసలు అందం ఎక్కడుందో చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే తరువాత జరిగిన నష్టం అర్థం కాదు. తొలినాళ్లలో ప్రతి ఆయుధానికీ ఒక జవాబు ఉండేది. యాన్‌సైల్ అనే శక్తి కవచం తూటాలను, రాకెట్లను ఆపుతుంది కానీ ప్లాస్మాను ఆపలేదు. అందువల్ల మాగ్నం, టారాన్, రిడీమర్ అనే మూడు ప్లాస్మా తుపాకులు పట్టుకున్నవాడు యాన్‌సైల్ వెనుక నిలబడినవాణ్ణి నేరుగా కొట్టగలడు. లాన్సెలాట్, గాలహాడ్, గారెత్ అనే మూడు రోబోలు మోసే లోహపు డాలు మాత్రం తూటానూ ప్లాస్మానూ రెండింటినీ అడ్డుకుంటుంది, కానీ పక్కన పేలే రాకెట్ల ధాటి నుంచి మోసేవాణ్ణి పూర్తిగా కాపాడలేదు. రాకెట్లు మోసేవాడు మళ్లీ యాన్‌సైల్ ముందు చేతులెత్తేస్తాడు. ఇలా ఒకదాన్ని ఒకటి మింగే వలయం ఉండేది. దీనికి దూరం లెక్క తోడయ్యేది: ప్లాస్మా తుపాకులు 350 మీటర్ల వరకే పనిచేస్తాయి, పనిషర్ 500 మీటర్లు, ట్రైడెంట్ 600, మొలాట్ 800, ట్రెబుషే ఏకంగా 1100 మీటర్లు. దూరం పెరిగేకొద్దీ ధాటి తగ్గుతుంది, దగ్గరైతే ప్రాణం ప్రమాదంలో పడుతుంది. ఈ నియమాలను కంఠస్థం చేసిన ఆటగాడు చవక రోబోతో కూడా ఖరీదైన రోబోను పడగొట్టగలిగేవాడు.

ఆనాటి ‘మితిమీరిన బలం’ కూడా ఈ వలయానికి లోబడే ఉండేది. గ్రిఫిన్ అనే రోబోకు రెండు ఓర్కాన్లు, రెండు పినాటాలు తగిలించి దానికి ఆటగాళ్లు ‘డెత్ బటన్’ అని పేరు పెట్టుకున్నారు. ఒక్క మీట నొక్కితే రాకెట్లన్నీ వరుసగా వెళ్లి ఎదుటివాణ్ణి కొన్ని క్షణాల్లో కూల్చేసేవి. భయపెట్టే పరికరమే, కానీ ఆ రెండు ఆయుధాలూ 300 మీటర్లకు మించి పోవు, అన్నీ ఖాళీ అయ్యాక మళ్లీ నిండేదాకా గ్రిఫిన్ నిరాయుధంగా గోడ చాటున నక్కవలసిందే, ఎదుట యాన్‌సైల్ ఉంటే అంత ఆర్భాటమూ వృథాయే. ఈ గ్రిఫిన్ చేతిలో ఓడినవాడు తిట్టుకునేవాడు కానీ, ఎందుకు ఓడాడో అతనికి తెలిసేది. మరుసటి ఆటలో ఏం మార్చుకోవాలో కూడా తెలిసేది.

2017లో కుమిహో, హేచీ, బుల్గసారి అనే మూడు కొరియా పేర్ల రోబోలు వచ్చాయి. ఆటగాళ్లు వీటిని కలిపి ‘డాష్ బాట్లు’ అంటారు, ఎందుకంటే ఇవి మెరుపువేగంతో ముందుకు దూకగలవు. అంతకుముందు వేగమూ కవచమూ రెండూ ఈ స్థాయిలో ఒకే రోబోకు సాధారణంగా దొరికేవి కాదు. హేచీ దూకుతూనే శక్తి కవచం కప్పుకుంటుంది, బుల్గసారి లోహపు డాలు మోస్తూనే దూకుతుంది. అంకెలు చూస్తే ఒక్కొక్కటీ మరీ అసాధ్యమేమీ కావు. వాటి ప్రాణశక్తిని, ఆయుధాల ధాటిని విడివిడిగా కొలిస్తే పాత రోబోలతో పోల్చదగినవే. అయినా మైదానం మొత్తం అవే కనిపించిన కాలం ఒకటి నడిచింది. కారణం నా దృష్టిలో ఒకటే: వాటికి ఏ గొప్ప బలమూ కొత్తగా రాలేదు, ఉండవలసిన బలహీనత పోయింది. ఈ ఆటలో మితిమీరిన పరికరాన్ని గుర్తుపట్టడానికి నేను ఇప్పటికీ వాడే కొలబద్ద ఇదే. దాని ధాటి ఎంత అని అడగను, దాన్ని వాడేవాడు దేనికి భయపడాలి అని అడుగుతాను. జవాబు దొరకకపోతే అది మితిమీరినదే.

ఈ ఆటలో రావణ అనే పేరుగల రోబో ఒకటి ఉంది. పేరు పెట్టినవారు ఎంత ఆలోచించి పెట్టారో గానీ, తెలుగువాడు ఆ పేరు చూడగానే అతని వరం కథ గుర్తు తెచ్చుకోకుండా ఉండలేడు. దేవతల చేత, దానవుల చేత, యక్షుల చేత, గంధర్వుల చేత చావు లేకుండా వరం కోరిన రావణుడు మనుషులను లెక్కలోకి తీసుకోలేదు, వానరుల మాట అసలు తలచుకోనే లేదు. కథ అంతా నడిచింది ఆ చిన్న సందులోంచే. ఆటను తయారుచేసేవారు నేర్చుకోవలసిన విద్య కూడా అదే: ఎంత బలమైనా ఇవ్వండి, కానీ ఆ వరంలో ఒక్క పేరు రాయకుండా వదిలేయండి, ఆ పేరు ఎవరిదో వెతికే పని ఆటగాళ్లకు ఉంచండి. పాత యాన్‌సైల్ ప్లాస్మా పేరు రాయకుండా వదిలింది. డాష్ బాట్లు వచ్చినప్పుడు అందరి పేర్లూ రాసేశారు.

డాష్ బాట్ల తరువాత వచ్చిన స్పెక్టర్ ఈ లెక్కలో కాస్త చిత్రమైన ఉదాహరణ. 2018లో వచ్చిన ఈ రోబోకు నాలుగు మధ్యరకం ఆయుధాలు పడతాయి, గాల్లోకి ఎగురుతుంది, ఎగిరినప్పుడు కాసేపు మాయమవుతుంది, అంటే శత్రువు దానిపై గురి లాక్ చేయలేడు. ఓర్కాన్లు నాలుగు తగిలిస్తే ‘డెత్ బటన్’ గ్రిఫిన్ దాని ముందు చిన్నపిల్ల. అయితే స్పెక్టర్ ఒళ్లు పలచన, దెబ్బలు ఓర్చుకోలేదు, మాయమైనా చేత్తో గురి చూసి కొట్టే నేర్పరి దాన్ని కొట్టగలడు. అందువల్ల నా కొలబద్ద ప్రకారం స్పెక్టర్ న్యాయమైన పరికరమే అనాలి. కానీ ఇక్కడే ఇంకో సంగతి బయటపడుతుంది: మాయమైనవాణ్ణి కూడా లాక్ చేయగలిగే క్వాంటమ్ రాడార్ అనే మాడ్యూల్, అంటే రోబోకు తగిలించే అదనపు పరికరం, ఆటలోకి వచ్చింది. అంటే మాయమయ్యే శక్తి ఒక సరుకు, దాన్ని ఛేదించే శక్తి మరో సరుకు. జవాబు చేతి నేర్పులోంచి దుకాణంలోకి మారింది. నాకు ఈ మార్పు డాష్ బాట్ల కంటే పెద్ద తప్పుగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ నియమాన్ని ఒకసారి ఉల్లంఘించారు, ఇక్కడ నియమం ఉండవలసిన చోటునే అద్దెకిచ్చారు.

అదే ఏడాది వచ్చిన షాక్‌ట్రెయిన్ అనే ఆయుధం ఒక శత్రువుకు తగిలి, అక్కడి నుంచి పక్కవాడికి, మళ్లీ వాడి పక్కవాడికి దూకేది. జట్టుగా కలిసి నడవడం ఆటలో మంచి అలవాటు కదా, ఈ ఆయుధం ఆ అలవాటునే శిక్షించింది. ఆరెస్ అనే రోబో ఎదుటివారు కొట్టే దెబ్బలను కవచంలో దాచుకుని తిరిగి వాళ్ల మీదకే వదులుతుంది. ఇది నాకు నచ్చిన ఆలోచన, ఎందుకంటే దీనికి జవాబు కొనక్కర్లేదు, వేలు మీట మీంచి తీసి కవచం దిగేదాకా ఓపిక పడితే చాలు. ఓపిక పట్టలేనివారే ఆరెస్ మీద ఎక్కువ ఫిర్యాదు చేశారని నా అనుమానం. స్కార్పియన్ మాత్రం శత్రువు దగ్గర హఠాత్తుగా ప్రత్యక్షమై, కొట్టి, మళ్లీ బయలుదేరిన చోటికే వెళ్లిపోతుంది. ముందే పొంచి ఉంటే ఎదుర్కోవచ్చు కానీ, దాడికి దిగినవాడికి తిరుగుప్రయాణం భద్రంగా దొరకడం అన్నది యుద్ధ నీతి మాట అటుంచి ఆట నీతికే విరుద్ధం.

ఇక ఊహల సంగతి. ఈ ఆట అభిమానులు చర్చించుకునే థియరీలు రెండు రకాలు. మొదటి రకం కథకు సంబంధించినవి. ఆటలో స్పేస్‌టెక్, ఇకారస్, ఎవోలైఫ్, డీఎస్‌సీ, యాన్-డి అనే ఐదు మహాసంస్థలు రోబోలను తయారుచేస్తున్నట్టు, వాటి మధ్య పోటీ నడుస్తున్నట్టు చిన్నచిన్న వివరణల్లో చెబుతారు. అంతకుమించి కథను వరుసగా కూర్చోబెట్టి చెప్పే చోటు ఆటలో దాదాపు లేదు. కాబట్టి అభిమానులు రోబోల పేర్లనే ఆధారంగా పట్టుకుంటారు. పేర్లలో నిజంగానే కుటుంబాలు కనిపిస్తాయి: డాలు మోసే లాన్సెలాట్, గాలహాడ్, గారెత్‌లకు ఆర్థర్ రాజు కొలువులోని వీరుల పేర్లు, ఆవో జున్ వంటి డ్రాగన్ రోబోలకు చైనా సముద్రరాజుల పేర్లు, ఆరెస్, హేడెస్, నెమెసిస్‌లకు గ్రీకు దేవతల పేర్లు. టారాన్ అంటే రష్యన్‌లో కోట తలుపులు బద్దలుకొట్టే దూలం, మొలాట్ అంటే సుత్తి. తొలి తరం ఆయుధాల పేర్లు విని దీన్ని చేసినవారి భాష ఏదో ఊహించడం కష్టం కాదు. పిక్సోనిక్ మాస్కోలో పుట్టిన సంస్థే, 2016లో దాన్ని మెయిల్.రు గ్రూప్ కొనుగోలు చేసింది.

పేరులోనే రోబో స్వభావం, దాని బలహీనత దాగి ఉంటాయన్నది ఈ రకం థియరీలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది. బుల్గసారి అంటే కొరియా జానపద కథల్లో ఇనుము తిని బతికే జంతువు. మామూలు ఆయుధాలతో దాన్ని చంపలేరు, అగ్నికి మాత్రం లొంగుతుందని ఆ కథలు చెబుతాయి. లోహపు డాలు మోసే రోబోకు ఇంతకంటే చక్కని పేరు దొరకదు. రాకెట్ల పేలుడు డాలును దాటి పోవడాన్ని అగ్నితో పోల్చుకుంటే థియరీ మరీ అందంగా కుదురుతుంది. కానీ దీన్ని పట్టుకుని అన్నిటికీ అన్వయించబోతే వెంటనే చిక్కు వస్తుంది. ఫుజిన్ జపాన్ వారి వాయుదేవుడు. ఆ పేరుగల రోబో మాత్రం ఉన్నచోటే కాళ్లు పరిచి కవచం కప్పుకుని కదలకుండా కూర్చున్నప్పుడే దాని అసలు బలం బయటపడుతుంది. ఉరుముల దేవుడు రైజిన్ పరిస్థితీ అదే. గాలీ ఉరుమూ కదలకుండా కూర్చుంటే ఇక పేర్ల మీద ఏ సిద్ధాంతం నిలుస్తుంది? శారంగ అనే టైటాన్, అంటే యుద్ధం మధ్యలో దిగే భారీ రోబో, కూడా ఉంది, విష్ణుమూర్తి విల్లు శార్ఙ్గమే దానికి పేరు. ఒకే ఆటలో రావణుడు, శార్ఙ్గం రెండూ ఉండటం మనవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. కానీ రెండూ ఒకే జట్టులో భుజం భుజం కలిపి నిలబడి బీకన్ కాస్తున్నప్పుడు కథల మీద ఆశ వదులుకోవలసిందే.

రెండవ రకం థియరీలు ఆట నడిపేవారి లెక్కలకు సంబంధించినవి. నా అభిప్రాయంలో ఈ ఆట సృష్టించిన నిజమైన సాహిత్యం ఇదే. అందులో అందరికీ తెలిసినది చక్రం థియరీ: కొత్త పరికరం మొదట అమితమైన బలంతో వస్తుంది, డబ్బు పెట్టినవారు ముందు కొంటారు, మైదానంలో దాని చేతిలో దెబ్బతిన్నవారు తరువాత కొంటారు, అందరి హ్యాంగర్లలోకీ చేరాక ‘రీబ్యాలెన్స్’ పేరుతో దాని బలం తగ్గిస్తారు, ఈలోగా మరొకటి సిద్ధంగా ఉంటుంది. దీన్ని ఊహ అనడం కూడా సరికాదేమో. డాష్ బాట్ల నుంచి, షాక్‌ట్రెయిన్ నుంచి నేటి వరకు వచ్చిన పరికరాల వరుసను చూస్తే ఎవరికైనా కనిపించే క్రమమే ఇది. అయితే అందరూ అనుకున్నట్టు ఇదంతా ముందే రాసిపెట్టుకున్న కుట్ర అనడానికి నేను ఒప్పుకోను. ఉచితంగా ఇచ్చిన ఆట ఏళ్ల తరబడి నడవాలంటే కొత్త సరుకు అమ్ముడుపోవాలి. ఆరు నెలల పాత రోబోతో సమానంగా ఉన్న కొత్త రోబోను ఎవరూ కొనరు. కాబట్టి ప్రతి కొత్తదీ పాతదానికంటే ఒక మెట్టు పైన పుట్టక తప్పదు, కుట్ర చేయాలన్న ఉద్దేశం లేకపోయినా సరే. వారాంతాల్లో ఆటగాళ్లకు తెరిచే టెస్ట్ సర్వర్‌లో కొత్త పరికరాలను ముందుగానే చూడవచ్చు. ‘ఇది మరీ ఎక్కువ’ అన్న మాట అక్కడే, విడుదలకు ముందే వినిపిస్తుంది.

రెండవ థియరీ మ్యాచింగ్ గురించి, అంటే ఎవరికి ఎవరిని ప్రత్యర్థులుగా దించాలో ఆట నిర్ణయించే పద్ధతి గురించి. ఏదైనా కొన్న తరువాత కొన్ని రోజుల పాటు ఆట మనకు బలహీనులైన ప్రత్యర్థులను ఇస్తుందని, ఆ తీపి తగిలాక మళ్లీ కష్టమైనవారిని దించుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. దీనికి అంత గూడుపుఠాణీ అవసరం లేదని నా వాదన. కొత్త పరికరం నిజంగానే బలమైనది కనుక మొదటి రోజుల్లో గెలుస్తాం. గెలిచేకొద్దీ లీగ్ పెరుగుతుంది. బ్రాంజ్ నుంచి సిల్వర్‌కు, గోల్డ్‌కు, ఆపైన డైమండ్‌కు ఎక్కేసరికి ఎదుటివారి దగ్గర కూడా అలాంటి పరికరాలే, ఇంకా పై స్థాయివి ఉంటాయి. అప్పుడు ఓడటం మొదలవుతుంది. ఆట చేసిన మోసంలా కనిపించేది నిచ్చెన స్వభావమే. ఈ నిచ్చెనను తలకిందులుగా వాడుకునేవారు మాత్రం ఉన్నారు: కావాలని ఓడిపోతూ కింది లీగ్‌కు దిగి, అక్కడి కొత్తవాళ్లను తమ భారీ రోబోలతో చితక్కొట్టేవారు. దీన్ని ‘ట్యాంకింగ్’ అంటారు. కొత్తగా చేరినవారు మొదటి వారంలోనే ఆట మానేయడానికి కొత్త పరికరాల కంటే వీరే ఎక్కువ కారణమని నాకనిపిస్తుంది.

ఇంతకీ ఎవరికైనా ఈ ఆటను సిఫారసు చేస్తానా అంటే, కొన్ని షరతుల మీద చేస్తాను. రోబోకు పన్నెండు స్థాయిలు, ఆపైన ఎంకే2, ఎంకే3 అని మెట్లు ఉన్నాయి. పై స్థాయిల్లో ఒక్క మెట్టు ఎక్కడానికే రోజులు పడతాయి. అందువల్ల వచ్చిన ప్రతి కొత్త రోబో వెనుకా పరుగెత్తేవారికి వెండి నాణేలూ మిగలవు, ఓపికా మిగలదు. రెండు మూడు రోబోలను ఎంచుకుని వాటినే పెంచుకోవడం మేలు. ఆ ఎంపికలో నేటి మెటాను, అంటే ప్రస్తుతం అందరూ వాడే బలమైన పరికరాలను, చూడకండి, ఆ రోబోను వాడేవాడు దేనికి భయపడాలో చూడండి. భయపడవలసినది స్పష్టంగా ఉన్న రోబోలను బలం తగ్గించే కత్తెర సాధారణంగా తాకదు, తాకినా కొద్దిగానే కోస్తుంది. డబ్బు పెట్టదలచుకుంటే పరికరం విడుదలైన వారంలో మాత్రం పెట్టకండి. పిల్లలకు ఫోన్ ఇచ్చేవారు కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టడం మరచిపోవద్దు, ఎందుకంటే తెరపై ఆఫర్లు మెరుస్తూ వచ్చే తీరు పెద్దవాళ్లనే తొందరపెడుతుంది.

2020లో వచ్చిన టైటాన్లు, వాటితోపాటు మదర్‌షిప్‌లు, డ్రోన్లు, పైలట్లు కలిసి హ్యాంగర్‌ను బాగా బరువెక్కించాయి. ఒకప్పుడు రోబో, ఆయుధం అనే రెండు నిర్ణయాలుంటే ఇప్పుడు అరడజను ఉన్నాయి, వాటిలో ప్రతిదానికీ వేరే నాణెం, వేరే మెట్లు. కొత్తగా చేరినవారికి ఇది అంగడి లెక్కల పుస్తకంలా అనిపిస్తే ఆ తప్పు వారిది కాదు. అయితే టైటాన్ ఆలోచన చెడ్డదనను. బీకన్లు పట్టుకుంటూ, శత్రువును కొడుతూ ఉంటే గీత నిండి టైటాన్ దిగుతుంది కనుక, మూలన నక్కి దూరం నుంచి తుపాకీ పేల్చేవాణ్ణి కూడా ఇది మైదానం మధ్యలోకి రప్పిస్తుంది.

నా హ్యాంగర్‌లో ఇప్పటికీ మొదటి స్లాట్ గ్రిఫిన్‌దే. స్ప్రింగ్‌ఫీల్డ్ మైదానంలో దింపి మధ్య బీకన్ వైపు నడిపిస్తాను, ఇళ్ల మీదుగా ఒక్కసారి ఎగురుతుంది, ఓర్కాన్లు ఖాళీ చేస్తుంది, చాలాసార్లు అక్కడే కూలిపోతుంది. అది కూలడం ఎదుటివాడి రోబో కొత్తదైనందువల్లా, నేను 300 మీటర్ల గీత దాటకముందే మీట నొక్కినందువల్లా అన్నది ప్రతిసారీ నాకు స్పష్టంగానే తెలుస్తుంది, పది సార్లలో ఆరు సార్లు రెండవదే.